లోగో మనది, గడియారం ఎవరిది? డీడీ యాదగిరి, సప్తగిరి నుంచి తెలుగు స్పోర్ట్స్ ఛానళ్ల దాకా

మిద్దెమీది యాంటెన్నా (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. ఒక చిన్న అనుమానంతో మొదలుపెడుతున్నా, ఎక్కడ తేలుతుందో చూద్దాం.

మొన్న ఇండియా వన్డే రోజు ఊరి నుంచి నాన్న ఫోన్ చేశాడు. "డీడీ స్పోర్ట్స్ పెట్టు, మనోళ్లు దంచుతున్నారు" అన్నాడు. పెట్టా. నా టీవీలో ఒకాయన పచ్చటి చాప మీద శవాసనం వేసి పడుకున్నాడు. ఛానల్ అదే, మూలన లోగో అదే. ఫోన్‌లో మాత్రం నాన్న వెనక జనం హోరు. "ఏరా, కనపడుతోందా?" "కనపడుతోంది నాన్నా, చాలా ప్రశాంతంగా ఉంది."

నాన్న దగ్గరున్నది ఫ్రీ డిష్. ఎప్పుడో ఒకసారి గొడుగు, బాక్సు కొన్నాడు, మళ్ళీ పైసా కట్టలేదు. నేను నెలనెలా కడుతున్నవాణ్ణి. కట్టేవాడికి శవాసనం, కట్టనివాడికి సిక్సర్లా? ఇదేం లెక్క?

దీనికి అతికిన ఇంకో అనుమానం కూడా ఉంది. 2023లో వెస్టిండీస్ టూరు మ్యాచ్‌లు దూరదర్శన్ వాళ్ల తెలుగు ఛానళ్లు డీడీ యాదగిరి, సప్తగిరిలో తెలుగు కామెంటరీతో వచ్చాయి. అప్పుడు కుదిరింది మిగతా మ్యాచ్‌లకు ఎందుకు కుదరదు? ప్రాంతీయ ఛానల్ అని పేరు పెట్టుకున్నాక, ఏ రోజు ఏం వేయాలో అది నిర్ణయించుకోగలదా, లేక ఆ బోర్డు ఒక్కటే మనదా?


సిల్లీపాయింట్

శవాసనం సంగతి నేను చెప్తా. ఇది మీ కేబుల్ వాడి తప్పు కాదు, సుప్రీంకోర్టు తీర్పు.

2007లో ఒక చట్టం వచ్చింది. దేశానికి ముఖ్యమైన క్రీడా పోటీలుగా ప్రభుత్వం నోటిఫై చేసినవాటి హక్కులు ఏ ప్రైవేటు ఛానల్ కొన్నా సరే, ఆ లైవ్ సిగ్నల్‌ను తన యాడ్స్ తీసేసి దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి ఇవ్వాలి. దూరదర్శన్ ఆ మ్యాచ్ మీద యాడ్స్ వేసుకుంటే వచ్చిన డబ్బులో నూటికి 75 హక్కులున్నవాడికి, 25 ప్రసార భారతికి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ కేబుల్ వాళ్లు దూరదర్శన్ ఛానళ్లను తప్పనిసరిగా ఇవ్వాలని వేరే చట్టం ఉంది. రెండూ కలిసేసరికి ఏమైంది? కోట్లు పోసి కొన్న మ్యాచ్ డీడీ ద్వారా కేబుల్ ఇళ్లన్నిటికీ ఉచితంగా చేరిపోయింది. ఇక డబ్బు పెట్టి స్పోర్ట్స్ ఛానల్ ఎవరు తీసుకుంటారు?

అదే గొడవ కోర్టుకెక్కింది. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు తేల్చింది: ఇలా పంచుకున్న సిగ్నల్‌ను ప్రసార భారతి తన సొంత నేల ట్రాన్స్‌మిటర్ల మీద, తన సొంత డీటీహెచ్ మీద మాత్రమే వేసుకోవాలి, ప్రైవేటు కేబుల్ ద్వారా పోకూడదు. ఆ సొంత డీటీహెచ్చే మీ నాన్నగారి గొడుగు. అందుకే ఒకే పేరుతో, ఒకే లోగోతో రెండు వేర్వేరు ప్రసారాలు నడుస్తాయి.

వెస్టిండీస్ టూరుది వేరే కథ. దానికి టీవీ ప్రసారం దూరదర్శన్‌దే. ఎవడో కొన్నదాన్ని చట్టం చూపించి పంచుకున్నది కాదు, తన చేతిలో ఉన్నది. అందుకే ఏ భాషలో కావాలంటే ఆ భాషలో, తన ప్రాంతీయ ఛానళ్లలో వేసుకోగలిగింది. మీ రెండు అనుమానాలకూ జవాబు ఒక్కటే: హక్కు ఎవరిదైతే వేళ వాళ్లది.


ఓరుగల్లు చిన్నోడు

అన్నా, గా 2023 ముచ్చట నాకు మస్తు యాదికున్నది. ఆగస్టు 3, ట్రినిడాడ్ల మొదటి టీ20. మన తిలక్ వర్మకు అదే మొదటి ఇంటర్నేషనల్ మ్యాచ్. ఇక్కడ రాత్రి ఎనిమిదింటికి షురూ. మా బాపు యాదగిరి ఛానల్ పెట్టి, తెలుగుల మాట్లాడుతుంటే "ఇదేంది, వార్తలల్ల హైలైట్సా?" అని అడిగిండు. కాదు బాపూ, లైవే అన్న. నమ్మలే.

పిలగాడు అచ్చుడు అచ్చుడే అల్జారీ జోసఫ్‌ను రెండు సిక్సులు కొట్టిండు. 22 బంతులల్ల 39. మ్యాచ్ నాలుగు పరుగులతోటి పోయింది గానీ, హైదరాబాద్ పోరడు మొదటి మ్యాచ్ ఆడుతుంటే హైదరాబాద్ ఛానల్ల, మన భాషల వినుడు... గది నాకు ఆడ కప్పు గెలిచినట్టే అనిపించింది. మూడో మ్యాచ్‌ల 49 కాడ ఉంటే హార్దిక్ సిక్స్ కొట్టి ముగించిండు సూడు, మా బాపు ఇప్పటికీ హార్దిక్‌ను మాఫ్ చెయ్యలే.


సిల్లీపాయింట్

తమ్ముడూ, ఆ మూడో మ్యాచ్ ఆలస్యంగా మొదలైంది, గుర్తుందా? ఆటగాళ్లు మైదానంలోకి వచ్చాక చూస్తే 30 గజాల వలయం గీయలేదు. గీసేదాకా అందరూ నిలబడ్డారు. అంతకుముందు ఏడాది 2022 ఆగస్టు 1న సెయింట్ కిట్స్ మ్యాచ్ ఇంకా ఘోరం. జట్ల సామాను ట్రినిడాడ్ నుంచి సమయానికి రాలేదు. మనకు రాత్రి 8కి మొదలుకావాల్సింది 11కి మొదలైంది. బ్యాట్లు రాక ప్రసారం ఆగడం అంటే అదే. ఆ మూడు గంటలు ఛానల్ నడిపేవాడి కష్టం ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పగలరా?


పాత ట్రాన్స్‌మిటర్

నేను చెప్పగలను బాబూ. రిటైరై చాలా ఏళ్లయింది, ఏ కేంద్రమో అడగొద్దు. కంట్రోల్ రూమ్‌లో ఉండేవాణ్ణి.

మా రోజుల్లో ఒకే ఛానల్. దానిలోనే పొద్దున ఢిల్లీ, సాయంత్రం కొంతసేపు మనం, మళ్ళీ రాత్రి ఢిల్లీ. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977 అక్టోబర్ 23న. దేశం మొత్తానికి ఒకేసారి వచ్చే జాతీయ కార్యక్రమం 1982 ఆగస్టు 15న మొదలైంది. రంగుల ప్రసారం కూడా అదే రోజు. ఎందుకు ఆ తొందర? నవంబర్‌లో ఢిల్లీలో ఆసియా క్రీడలున్నాయి. ఒక్క మాటలో చెప్పాలంటే, మన సాయంత్రాల్లోకి ఢిల్లీని తెచ్చిందే క్రీడలు. ఇది చాలామంది మర్చిపోతారు.

మా దగ్గర ఎఫ్‌పీసీ అని ఒక చార్టు ఉండేది, ఫిక్స్‌డ్ పాయింట్ చార్టు. రైతుల కార్యక్రమం ఇన్ని గంటలకు, వార్తలు ఇన్ని గంటలకు, శుక్రవారం పాటలు ఇన్ని గంటలకు. గోడ మీద అతికించి ఉండేది. ఆటల్లో క్రికెట్‌తో పేచీ లేదు, ఓవర్లు లెక్కపెట్టుకుంటే ఎప్పుడైపోతుందో తెలుస్తుంది. మమ్మల్ని చంపింది టెన్నిస్. డేవిస్ కప్ ఐదో సెట్‌కి వెళ్లిందంటే అది ఎప్పుడు ఆగుతుందో దేవుడికే తెలియాలి. ఢిల్లీ నుంచి హాట్‌లైన్‌లో "ఇంకో పది నిమిషాలు" అంటారు. పది నిమిషాల తర్వాత మళ్ళీ "ఇంకో పది". ఇటు స్టూడియోలో అనౌన్సర్ అమ్మాయి చీర సర్దుకుని, పూలు పెట్టుకుని, లైట్ల వేడిలో కూర్చుని ఉంటుంది. చేతిలో కాగితం. "ప్రేక్షకులకు నమస్కారం" అనడానికి నోరు తెరుస్తుంది, మేం అద్దం వెనక నుంచి చెయ్యి అడ్డంగా ఊపుతాం. నోరు మూస్తుంది. ఒకరోజు ఇలా ఆరేడుసార్లు జరిగింది. చివరికి ఆట అయిపోయి మాకు లింక్ ఇచ్చేసరికి రైతుల కార్యక్రమం వేళ దాటిపోయింది. ఆ అమ్మాయి నమస్కారం పెట్టి, "ఇప్పుడు వార్తలు" అని రెండే ముక్కలు చెప్పి లేచిపోయింది.

తర్వాతి వారం ఒక రైతు కార్డు రాశాడు. టెన్నిస్ గురించి ఒక్క ముక్క లేదు. ఆ రోజు వరిలో సుడిదోమ గురించి చెప్తామన్నారు కదా, ఎప్పుడు చెప్తారు, నా చేను ఆగేట్టు లేదు అని. దానికి మా దగ్గర జవాబు లేదు. మళ్ళీ వారం చెప్పాం. అప్పటికి ఆయన చేను ఏమైందో.

ఇక మ్యాచ్ మొదలుకాకపోతే ఏం చేస్తారన్నారు. ఫిల్లర్ వేస్తాం. ఒక బీరువా నిండా టేపులుండేవి. మూడు నిమిషాలది, ఏడు నిమిషాలది, పన్నెండు నిమిషాలది. వాన తగ్గేట్టుంటే మూడు, తగ్గనట్టుంటే పన్నెండు. మబ్బు ఎక్కడో, దాన్ని చూసి టేపు తీసేది ఇక్కడ మేం.


మిద్దెమీది యాంటెన్నా

మాస్టారూ, ఆ అనౌన్సర్ గారి నోరు కళ్లకు కట్టింది. నేను ఈ చర్చకు పేరు "లోగో మనది, గడియారం ఎవరిది" అని ఊరికే పెట్టా. ఇప్పుడు అదే అసలు ప్రశ్న అనిపిస్తోంది. ప్రాంతీయం అంటే మూలన ఉన్న పేరు కాదు, "ఢిల్లీని ఆపి ఇప్పుడు మాది వేస్తాం" అనగలగడం. ఆ మీట ఎవరి చేతిలో ఉంది?


లోయర్ థర్డ్

టీవీ గ్రాఫిక్స్‌లో పనిచేస్తా. స్పోర్ట్స్ ఛానళ్లలో ఆ మీట అసలు ఎవరి చేతిలోనూ ఉండదు, చెప్తా వినండి.

స్టార్ వాళ్లు 2017లో తమిళ స్పోర్ట్స్ ఛానల్ తెచ్చారు, తెలుగుది 2018 చివర్లో వచ్చింది. చాలామంది అది పూర్తిగా వేరే ఛానల్ అనుకుంటారు. లైవ్ మ్యాచ్ వరకు చూస్తే అది ఒక్క గొంతు మాత్రమే వేరు. మైదానంలో కెమెరాలు, రీప్లేలు, బొమ్మ మార్చే దర్శకుడు అన్నీ ఒక్కటే. అక్కడి నుంచి ఒకే బొమ్మ బయటికొస్తుంది. దాని మీద ఏ భాష వాళ్లు ఆ భాష మాటలు పెడతారు. చాలాసార్లు కామెంటేటర్లు మైదానంలో కూడా ఉండరు, స్టూడియోలో తెర చూసి చెప్తారు. స్కోరు పట్టీ ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది, ఎందుకంటే అది బొమ్మలో కలిసి వస్తుంది.

ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య ఖాళీ కూడా అందరికీ ఒక్కటే. తెలుగు వాళ్లు తమ కామెంటేటర్ వేణుగోపాల్ రావు చెప్తున్నది బాగుంది కదా, ఇంకో అర నిమిషం సాగనిద్దాం అనుకున్నా కుదరదు. అవతల బంతి పడిపోతుంది. మనకు ప్రత్యేకంగా దక్కేది యాడ్స్, మ్యాచ్‌కి ముందు వెనక కూర్చుని మాట్లాడే కార్యక్రమం. మ్యాచ్ రోజున తెలుగు ఛానల్‌కి సొంత గడియారం ఉన్నది ఆ రెండు చోట్లే.

అన్నట్టు, నా వృత్తి బాధ ఒకటి. పట్టీ మీద తెలుగు పేరు వేయమంటారు, ఎత్తు మాత్రం ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేంత ఇస్తారు. ఇంగ్లీషుకి కింద ఒత్తులుండవు. "కృష్ణ" అని వేస్తే వట్రసుడీ, ణ ఒత్తూ కింద తెగిపోతాయి. "పట్టీ పెంచండి" అంటే "అన్ని భాషలకూ ఒకటే టెంప్లేట్" అంటారు. చివరికి అక్షరాలు కుదించి చీమల్లా చేస్తాం. మీరెప్పుడైనా చదవలేక కళ్లు చికిలించుంటే, పాపం నాది కాదు.


సీరియల్ సుభద్ర

మగవాళ్లంతా గడియారం గడియారం అంటున్నారు కాబట్టి ఇల్లు కూడా చూడండి. ఐపీఎల్ 2019 దాకా రాత్రి 8కి మొదలయ్యేది. 2020లో దుబాయ్ వైపు ఆడినప్పుడు 7:30కి జరిపారు, మళ్ళీ వెనక్కి పోలేదు. అరగంటే కదా అనుకోవచ్చు. 7:30 అంటే మా ఇంట్లో అత్తగారి సీరియల్. 8కి ఉన్నప్పుడు ఒకటి చూసి రిమోట్ ఇచ్చేసేది. ఇప్పుడు రెండూ ఒకేసారి మొదలవుతాయి. ఆ అరగంట వల్ల మా ఇంట్లో రెండో టీవీ వచ్చింది.

సంక్రాంతి సంగతి సరేసరి. 2023 పండగ జనవరి 15 ఆదివారం. ఛానళ్లన్నీ కొత్త సినిమాలు, పిండివంటల ప్రోగ్రాములు పెట్టుకున్నాయి. అదే రోజు తిరువనంతపురంలో శ్రీలంకతో వన్డే. కోహ్లీ 166 నాటౌట్, 317 పరుగుల తేడాతో గెలుపు, వన్డేల్లో అప్పటికి అంత పెద్ద తేడా లేదు. మా ఇంట్లో అల్లుళ్లు అరిసె చేత్తో పట్టుకుని తినడం మర్చిపోయారు. క్రికెట్ క్యాలెండర్ వేసేవాళ్ల దగ్గర తెలుగు పంచాంగం లేదనుకుంటా.


నాన్‌స్ట్రైకర్

నేను ఒప్పుకోను. మీరంతా గడియారం చేతిలో లేకపోతే ప్రాంతీయం కాదన్నట్టు మాట్లాడుతున్నారు. ఆట లైవ్. లైవ్ అంటేనే అందరికీ ఒకే క్షణం. దాన్ని మనకోసం వేరుగా మొదలెట్టమంటే ఎలా? భాష ఇచ్చారు కదా, అది తక్కువా?

మా అమ్మమ్మకి 80 దాటాయి. నలభై ఏళ్లు ఇంట్లో క్రికెట్ మోగుతున్నా ఆవిడకి అది "ఆ గోల". తెలుగు కామెంటరీ వచ్చిన రెండో సీజన్‌కి ఒకరోజు అంపైర్ వేలెత్తకముందే "కాలు అడ్డం పెట్టకపోతే బంతి వికెట్లకి తగిలేదిరా, పో, అవుటే" అంది. మేం నోరు వెళ్లబెట్టాం. ఎల్‌బీడబ్ల్యూ మా నాన్నకి ఇప్పటికీ సరిగ్గా రాదు. ఇది లోగో వల్లనో గడియారం వల్లనో రాలేదు, గొంతు వల్ల వచ్చింది.

2016 ఆగస్టు 19 గుర్తుచేసుకోండి. రియో ఒలింపిక్స్‌లో సింధు బ్యాడ్మింటన్ ఫైనల్, మనకు శుక్రవారం సాయంత్రం. మొదటి గేమ్ 21-19 గెలిచి, తర్వాత 12-21, 15-21తో స్పెయిన్ అమ్మాయి మారిన్‌కి ఇచ్చేసింది. ఆడేది మన పిల్ల, నేర్పింది మన గోపీచంద్. అప్పటికి తెలుగు స్పోర్ట్స్ ఛానల్ పుట్టలేదు. మేం ఇంగ్లీషులో చూశాం. తెలుగు వార్తా ఛానళ్లు పెడితే హక్కులు లేక ఫొటో పెట్టి పక్కన స్కోరు అంకెలు మారుస్తూ కూర్చున్నాయి. ఆ రాత్రి లేనిది గడియారం కాదు, గొంతు.


పాత ట్రాన్స్‌మిటర్

నాన్‌స్ట్రైకర్ బాబూ, మీ అమ్మమ్మగారి ముందు నా వాదన నిలవదు. కానీ ఒకటి. ఆ గొంతు నిలబడాలంటే ఏదో ఒక రోజు గడియారం కావాలి. ఐపీఎల్‌కి తెలుగు గొంతు ఉంది, ఎందుకంటే యాడ్స్ ఉన్నాయి. మన రంజీ జట్టు నాకౌట్ ఆడుతుంటే, రాష్ట్ర కబడ్డీ ఫైనల్ జరుగుతుంటే, దానికి మూడు గంటలు ఖాళీ చేసి ఇచ్చేవాడెవడు? జాతీయ ఛానల్ చేయదు, దానికి దేశమంతా చూడాలి. భాషా స్పోర్ట్స్ ఛానల్‌కి బొమ్మ వేరే చోటి నుంచి వస్తుంది. చేయగలిగింది యాదగిరి, సప్తగిరి లాంటివే. వాటికి కెమెరాలున్నాయి, మైదానం దగ్గర నుంచే ప్రసారం చేసే ఓబీ వ్యాన్లున్నాయి, ఊళ్లు తెలుసు.


కార్డిఫ్ కోడలు

నేను వేల్స్‌లో ఉంటున్నా, ఇక్కడి ఉదాహరణ చెప్తా. ఇక్కడ బీబీసీ వన్ దేశం మొత్తానికి ఒకటే అయినా స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లో పేరు పక్కన ప్రాంతం పేరు ఉంటుంది. పేరే కాదు, మధ్యలో పక్కకు తప్పుకుని సొంతది వేసుకునే వీలు కూడా ఉంది. స్కాట్లండ్‌లో శనివారం రాత్రి చాలాకాలం వాళ్ల లీగు ఫుట్‌బాల్ విశేషాలు ముందు వేసి, ఇంగ్లండ్ లీగువి తర్వాత వేసేవారు. ఒకే ఛానల్, ఒకే రాత్రి, వరుస వేరు. మాస్టారు చెప్పే గడియారం అంటే అదే.

వేల్స్‌లో 1982 నవంబర్ 1 నుంచి ఎస్4సీ అని వెల్ష్ భాష ఛానల్ ఉంది. రగ్బీ, ఫుట్‌బాల్ వెల్ష్ కామెంటరీతో వేస్తుంది. మా ఆయనకి వెల్ష్ ఒక్క ముక్క రాదు, అయినా అదే పెడతాడు, అరుపులు బాగుంటాయట.

దీనికి తలకిందులుగా జరిగింది ఐటీవీలో. ఒకప్పుడు ఒక్కో ప్రాంతానికి ఒక్కో కంపెనీ. గ్రెనడా, యార్క్‌షైర్, ఆంగ్లియా అంటూ కార్యక్రమానికి ముందు వాళ్ల గుర్తు వచ్చేది. 2002 అక్టోబర్‌లో ఇంగ్లండ్, వేల్స్‌లో అవన్నీ పోయి ఐటీవీ1 ఒక్కటే మిగిలింది. ఇక్కడి ముసలాళ్లు ఇప్పటికీ ఆ పాత గుర్తుల ట్యూన్లు ఈల వేస్తుంటారు. పేరు పోవడం కూడా చిన్న విషయం కాదండీ.


ఓరుగల్లు చిన్నోడు

పేర్ల ముచ్చట వచ్చింది గనుక ఒకటి చెప్త. దూరదర్శన్ ఛానళ్ల పేర్లు సూడుండ్రి. మరాఠీది సహ్యాద్రి. గుజరాతీది గిర్నార్. తమిళంది పొదిగై. మనయి సప్తగిరి, యాదగిరి. ఇవన్నీ గుట్టలే! కన్నడపోళ్లు మాత్రం చందన అని గంధంచెట్టు పెట్టుకున్నరు. ఎవరో గుట్టలెక్కే ఆఫీసర్ పెట్టినట్టున్నడు.


సిల్లీపాయింట్

హహ, మంచి పట్టు. దానిలో ఒక గుట్ట కరిగిపోయింది కూడా. పొదిగై 2024 జనవరి 19న డీడీ తమిళ్ అయింది. చెన్నైలో ప్రధాని కొత్త పేరుతో ప్రారంభించారు. ఏ సభలోనో తెలుసా? ఖేలో ఇండియా యువ క్రీడల ప్రారంభోత్సవంలో. ప్రాంతీయ ఛానల్‌కి కొత్త బోర్డు కట్టడానికి కూడా ఆటల పందిరే కావాల్సి వచ్చింది.

మన సంగతికొస్తే, సప్తగిరి పేరు మొదట హైదరాబాద్ ఛానల్‌దే. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ పేరు విజయవాడ వెళ్లింది, హైదరాబాద్‌ది యాదగిరి అయింది. ఒకాయన తిరుమల తీసుకుపోతే ఇంకొకాయన యాదాద్రి పెట్టుకున్నాడన్నమాట. పేరు మాత్రం ఎవరి కొండ వారికి కచ్చితంగా పంచారు.


లోయర్ థర్డ్

నా వరకు పొదిగై పేరే బాగుండేది. డీడీ తమిళ్ అంటే ఫైలు మీద రాసే పేరులా ఉంది. కానీ మార్కెటింగ్ వాళ్లనడిగితే, వెతికేటప్పుడు జనం కొండ పేరు కొట్టరు, భాష పేరు కొడతారు అంటారు. స్పోర్ట్స్ ఛానళ్లు మొదటి నుంచీ చేసిందదే: పెద్ద పేరు, పక్కన అంకె, పక్కన భాష. దాంట్లో ఊరు ఎక్కడా ఉండదు గమనించండి. తెలుగు అంటే వాళ్లకు ఒక ఆడియో ట్రాకు. వరంగల్లూ విశాఖా అనంతపురం తేడా దానికి లేదు.


నాన్‌స్ట్రైకర్

లేకపోతేనేం? మా అనంతపురం యాస కామెంటరీలో వినిపించాలని నాకూ ఉంది. అది ఒక రోజు వస్తుంది. ముందు గొంతు రానీయండి, తర్వాత యాస వస్తుంది.


సీరియల్ సుభద్ర

యాసలో సీరియళ్లే సరిగ్గా రాలేదు నాయనా, క్రికెట్‌లో వస్తుందా.


సిల్లీపాయింట్

పాత కథ ఒకటి చెప్పి ఆపుతా. ఈ చట్టం రాకముందు 2004లో పాకిస్తాన్ టూరు. హక్కులు టెన్ స్పోర్ట్స్‌వి. సుప్రీంకోర్టు దూరదర్శన్‌కి ఇమ్మంది, కానీ వాళ్ల లోగో, వాళ్ల యాడ్స్‌తో సహా వేయాలంది. దూరదర్శన్‌లో టెన్ స్పోర్ట్స్ గుర్తు! అంతకన్నా తమాషా 2007 జనవరిది. వెస్టిండీస్ సిరీస్ నియో స్పోర్ట్స్‌లో లైవ్, దూరదర్శన్‌కి ఏడు నిమిషాలు ఆలస్యంగా. పక్కింట్లో కేబుల్, మా ఇంట్లో యాంటెన్నా. పక్కింటివాళ్లు "అయ్యో" అంటే మాకు ఏడు నిమిషాలు గుండె దడ. ఎవరు అవుటవుతారో తెలియదు, అవుతారని మాత్రం తెలుసు. ఆ గొడవ తర్వాతే ఫిబ్రవరిలో ఆర్డినెన్సు, ఆపైన చట్టం. గడియారం అన్నారు కదా, మాది అప్పట్లో నిజంగానే ఏడు నిమిషాలు వెనక.


మిద్దెమీది యాంటెన్నా

ఇది చదివి నవ్వాపుకోలేకపోయా, ఎందుకంటే ఇప్పుడు మా ఇంట్లో జరుగుతున్నది అదే.

నాన్నకి తెలుగు కామెంటరీ కావాలి, ఫ్రీ డిష్‌లో మ్యాచ్ హిందీలో వస్తోంది. "నాకు హిందీ పడదురా, బొమ్మ ఉంది కదా, నువ్వు తెలుగు వినిపించు" అన్నాడు. సరే అని నా ఫోన్‌లో యాప్‌లో తెలుగు కామెంటరీ పెట్టి, ఇంకో ఫోన్‌లో ఆయనకి కాల్ చేసి స్పీకర్ ఆన్ చేశా. అక్కడ ఆయన టీవీ మ్యూట్.

యాప్ ఎంత ఆలస్యంగా వస్తుందో అప్పుడు తెలిసింది. నాకు బౌలర్ ఇంకా రనప్ మొదలుపెట్టలేదు, అటు నుంచి నాన్న "అవుట్!" అంటాడు. నేను "నాన్నా, చెప్పకు" అంటా. బంతి పడుతుంది, అవుట్. కామెంటేటర్ ఉత్సాహంగా అరుస్తాడు, నాన్న "వీడికి ఇప్పుడు తెలిసిందా" అంటాడు. రెండు ఓవర్లు ఇలాగే అయ్యాక ఆయనే దారి కనిపెట్టాడు. ఇప్పుడు ఆయన టీవీ చూస్తూ నాకు కామెంటరీ చెప్తున్నాడు, నేను యాప్ సౌండు తీసేశా. ఆయన చెప్పేది కర్నూలు యాస, నాన్‌స్ట్రైకర్ గారికి చెప్పండి.


నాన్‌స్ట్రైకర్

కాల్‌లో మూడో మనిషికి చోటుందా అన్నా?